ఇస్పేటు రాజు లెక్క

రాంగోపాల్‌పేట్,
సికింద్రాబాద్.
10-8-1986, ఆదివారం.

ప్రియమైన దేవకృపకు,

డాడీ దీవెనలు. దేవుని దయవల్ల ఇక్కడ నేనూ మీ అమ్మా బాగానే ఉన్నాం. నువ్వూ, హాస్టల్లో నీతో ఉన్న టీచరమ్మలూ అక్కడ గుంటూరులో అలాగే ఉన్నారని తలుస్తాను. ఈ ముక్కలు మీ అమ్మ రాయించింది. నేను తిన్నగా విషయంలోకి దిగబోతే, "ముందు క్షేమం రాయండి, ఆఫీసు మెమో కాదది" అని కసిరింది. ముప్ఫై నాలుగేళ్ళు రైల్వేలో మెమోలు రాసిన చెయ్యి, ఏం చేస్తాం!

నీ ఉత్తరం మంగళవారం అందింది. మీ అమ్మ మోకాలి సంగతి అడిగావు. తగ్గిందనే అంటుంది. మెట్లెక్కేటప్పుడు మాత్రం నా భుజం పట్టుకుని నన్నే కిందికి లాగుతుంది. కుళాయి ఇంకా రోజు విడిచి రోజే, అదీ తెల్లారకముందు. ఈ సంవత్సరం వానలు సరిగ్గా పడక మమ్మల్ని బాగా ఏడిపిస్తున్నాయి. బోనాల డప్పులు అయిపోయి వీధి కాస్త నిమ్మళించింది. గురువారం ఎదురింటి రోసమ్మ వాళ్ళ అక్కను చూడ్డానికి గుంటూరు వస్తోంది, ఆమెతో గోంగూర పచ్చడి పంపుతున్నాం. సీసా వెనక్కి పంపమంటోంది మీ అమ్మ. పోయినసారి పంపిన రెండు సీసాలూ ఏమయ్యాయని కూడా అడగమంది. మీ అమ్మ కళ్ళజోడు మార్పించాను. కొత్తదానితో నా మొహం మరీ స్పష్టంగా కనిపిస్తోందట, పాతదే బాగుందట.

ఇక నువ్వు చివర్న అడిగిన మాట. రాష్ట్రం తరఫున ఆడే మహిళల బ్రిడ్జి జట్టు ఎంపికకి నిన్నూ, మీ స్కూలు టీచరు డోరానూ జంటగా రమ్మన్నారనీ, ఇరవయ్యో తారీకులోపు పేర్లు పంపాలనీ రాశావు. ఆ కిందే, "వద్దని చెప్పేద్దామనుకుంటున్నాను డాడీ. స్లామ్‌లు నాకు చేతకావు. నా మూలంగా ఇంకొకరి ఆట ఎందుకు పాడవ్వాలి? మీరేమంటారు?" అని రాశావు.

ఆ ఉత్తరం చొక్కా జేబులో పెట్టుకుని మూడు రోజులు తిరిగాను. శుక్రవారం భోజనాల దగ్గర మీ అమ్మ కంచం లాగేసింది. "ఏముంది అందులో? పిల్లకేమైనా ఒంట్లో బాగాలేదా?" అంది. చదివి వినిపించాను. వినేసి, "పోయిన సెప్టెంబరులో పందెం ఆడి వచ్చిన దగ్గర్నుంచి మీ తండ్రీకూతుళ్ళు పెదవి విప్పరు. నెల తిరక్కుండా అది ఉద్యోగమని గుంటూరు పోయింది. ఏమైందని అడిగితే 'పేకాట సంగతి, నీకు అర్థం కాదులే' అంటారు. అర్థమయ్యేట్టు రాయండి. నేను చదివాకే డబ్బాలో వెయ్యాలి" అంది. పాస్టరు గారమ్మాయి, పుట్టి బుద్ధెరిగి పేకముక్క ముట్టుకోని మనిషి. కాబట్టి నీకు తెలిసిందే తెలియనట్టు రాస్తాను, విసుక్కోకు.

ఈ ముక్క మీ అమ్మకి. మేబెల్, విను. బ్రిడ్జిలో నలుగురు. ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరూ ఒక జట్టు. నలుగురూ తలో ముక్క వేస్తే అదొక పట్టు, పెద్ద ముక్క వేసిన జట్టుది, అన్నిటికంటే పెద్దది ఆసు. ముక్కలు పంచాక ఆట మొదలవకముందే, మొత్తం పదమూడు పట్లలో మేమిన్ని గెలుస్తామని పాట పాడాలి, వేలంపాట లాగే. పన్నెండు గెలుస్తామంటే దాన్ని స్లామ్ అంటారు. గెలిస్తే పండగే. ఒక్కటి తగ్గినా గుండు సున్నా. పన్నెండు పాడాలంటే నాలుగు ఆసుల్లో కనీసం మూడు మన జట్టు దగ్గర ఉండాలి. రెండు ఎదుటివాళ్ళ దగ్గరుంటే ఆ రెండూ వేసి రెండు పట్లు పట్టుకుపోతారు. ముక్కలు చూపించుకోకూడదు, సైగ చెయ్యకూడదు. అందుకని ఒక పద్ధతి ఉంది. ఒకరు "ఫోర్ నో ట్రంప్" అంటే "నీ దగ్గర ఎన్ని ఆసులు?" అని అడిగినట్టు. రెండోవాళ్ళు "ఫైవ్ హార్ట్స్" అంటే "రెండు" అని జవాబు. ఇంతే. ఇందులో అర్థం కానిదేమీ లేదు.

ఇక్కడిదాకా చదివి మీ అమ్మ, "ఇంతేనా? దీనికా మీ రైల్వే క్లబ్బు ఇన్‌స్టిట్యూట్‌లో ముసలాళ్ళంతా అరుచుకునేది?" అంది. అరుచుకునేది దీనికే.

పోయిన ఏడాది జూన్‌లో నేనొక కొత్త లెక్క తెచ్చాను గుర్తుందా? ఆసులతోబాటు తురుపు రాజుని కూడా ఒక ఆసుగా లెక్కపెట్టి జవాబు చెప్పాలి. అంటే ఒక ఆసూ, తురుపు రాజూ ఉన్నా "రెండు" అనే చెప్పాలి. నీకు మొదట్లో నచ్చలేదు. "రాజుని ఆసు చెయ్యడమేంటి డాడీ, పాతది బాగానే ఉందిగా" అన్నావు. నేను వింటేగా! కాగితం మీద నా చేత్తో రాసిచ్చాను. ఇన్‌స్టిట్యూట్‌లో బోర్డు మీద రాసి అందరికీ పాఠం చెప్పాను. ఇంట్లో నువ్వు జడేసుకుంటుంటే అడిగేవాణ్ణి, అన్నం కలుపుకుంటుంటే అడిగేవాణ్ణి: "ఒక ఆసు, తురుపు రాజు. ఏమంటావ్?" "ఫైవ్ హార్ట్స్ డాడీ, తిననివ్వండి!"

ఈ ముక్క చదివి మీ అమ్మ నా వంక వింతగా చూసింది. "ఆ ఫైవ్ హార్ట్స్ నాకూ వచ్చు. వంటింట్లోకి వినపడీ వినపడీ నోటికొచ్చేసింది" అంది. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

సరే, సెప్టెంబరు పోటీలో ఫైనల్ రోజు. చివరి పంపకం. ఈ ఒక్కటీ గెలిస్తే కప్పు మనది. ఆ ఇన్‌స్టిట్యూట్‌లో తండ్రీకూతుళ్ళు కప్పు కొట్టడం ఎన్నడూ లేదు. అన్ని బల్లల వాళ్ళూ ఆట ముగించి మన చుట్టూ చేరారు. నా చేతిలో ఆరు ఇస్పేట్లు, మిగతా మూడు రంగుల్లోనూ రాజులూ రాణులూ. ఆసు మాత్రం ఒక్కటే, ఇస్పేటుది. ఇస్పేటు తురుపు అని కుదిరాక "ఫోర్ నో ట్రంప్" అని అడిగాను. నువ్వు తడుముకోకుండా "ఫైవ్ హార్ట్స్" అన్నావు. రెండు! నాదొకటి కలిపితే మూడు. "సిక్స్ స్పేడ్స్" అన్నాను, పన్నెండు పట్లు. ఎంత గట్టిగా అన్నానంటే అవతల క్యారమ్స్ ఆడేవాళ్ళు తిరిగి చూశారు.

నువ్వు పాస్ అన్నావు. నీకు అప్పుడే అనుమానం వచ్చుంటుంది. పాట నడుస్తుండగా పార్టనర్‌కి ఏమీ చెప్పకూడదు, కళ్ళెగరేసినా తప్పే. ఆ నియమం నీకు పన్నెండో ఏట నేర్పింది నేనే. నోరు కట్టేసుకుని కూర్చున్నావు.

ఎదుటి జట్టులోని యెషయా అంకుల్ డైమన్ ఆసు వేశాడు. మొదటి ముక్క పడగానే పాట గెలిచినవాడి పార్టనర్ ముక్కలు పరచాలి కాబట్టి, నువ్వు నీవి బల్ల మీద పరిచావు. ఆటీను ఆసు ఒకటి, ఇస్పేటు రాజు. నేను ఇంకో ఆసు కోసం వెతికాను. ఆ పట్టు ఆయనకే పోయింది. తర్వాత కళావరు ఆసు వేశాడు. మిగతా పదకొండూ మనవే, ఆడక్కర్లేకుండానే. ఒక్కటి తగ్గింది. కప్పు పోయింది.

"రెండన్నావు! రెండో ఆసేది?" అని అరిచాను. నువ్వు మెల్లగా, "డాడీ, ఇస్పేటు రాజు..." అన్నావు. నేను అందరూ వినేట్టు, "రాజు ఎప్పట్నుంచి ఆసయ్యాడమ్మా? మీ కాలేజీలో నేర్పారా?" అన్నాను. కొందరు నవ్వారు. నువ్వు తలొంచుకుని ముక్కలు సర్దావు. నీ బ్యాగులో నా చేతిరాతతో ఆ కాగితం ఉంది, నువ్వు తియ్యలేదు.

తప్పు నాది కృపా. లెక్క తెచ్చింది నేను, బట్టీ పట్టించింది నేను, ఆ వేడిలో మరిచిపోయి పాత లెక్క చూసుకున్నది నేను. నువ్వు చెప్పిన జవాబు అక్షరాలా సరైనది. ఇది పదకొండు నెలల కిందట రాయాల్సిన మాట. రోజూ ఇవాళ చెబుదాం, రేపు చెబుదామనుకుంటూ గడిపేశాను.

నీకొక్కదానికి రాసి ఊరుకుంటే సగమే చెప్పినట్టనిపించింది. నిన్న శనివారం ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్ళి పాఠం మొదలెట్టకముందే బోర్డు దగ్గర నిలబడి, "పోయిన సెప్టెంబరు ఫైనల్లో తప్పు మా అమ్మాయిది కాదు, నాది" అన్నాను. పాతికమంది ఉన్నారు. ఒక్కడూ ఆశ్చర్యపోలేదు.

యెషయా లేచాడు. "ఏందయ్యా ఆర్థరూ, గిప్పుడా చెప్పేది? మాకు ఎరుక లేదనుకున్నవా? గా లెక్క నువ్వే గీ బోర్డు మీద రాసి మాకు సుత నేర్పితివి. బిడ్డ ముక్కలు పరవంగనే సమజైంది."

"మరి అప్పుడే నా మొహాన అనొచ్చుగా?" అన్నాను.

"అందామనే నీ ఎంబడి వచ్చిన. సైకిల్ స్టాండ్ కాడ బిడ్డ అడ్డమొచ్చింది. 'అంకుల్, డాడీకి ఎవ్వరూ చెప్పకండి. తెలిస్తే మళ్ళీ ఇక్కడికి రారు. రిటైరైనంక ఆయనకు ఇదొక్కటే ఉంది' అన్నది. అందరి తాన మాట తీసుకొని పోయింది. పోనీలే, మరిచిపోవుడు ఎవరికైన అయితది. పరేషాన్ గాకు."

అందరూ వచ్చి భుజం తట్టారు. టీ తెప్పించారు. నేను ఆ టీ తాగలేకపోయాను తల్లీ. ఎందుకంటే వాళ్ళు క్షమించింది మరిచిపోయినందుకు. అసలు సంగతి వాళ్ళకి చెప్పలేదు. అది వినాల్సింది నువ్వు.

నువ్వు "డాడీ, ఇస్పేటు రాజు" అన్నావు చూడు, ఆ మాట నీ నోట్లోంచి రాగానే నాకు అంతా గుర్తొచ్చేసింది. జూను నెల, కాగితం, బోర్డు, అన్నీ. తప్పెవరిదో ఆ క్షణంలోనే తెలిసింది. తెలిశాకే, "రాజు ఎప్పట్నుంచి ఆసయ్యాడు" అన్నాను. తెలియక అన్నది కాదు. చుట్టూ అంతమంది ఉన్నారు, వాళ్ళందరికీ పాఠాలు చెప్పేవాణ్ణి, నేను పడిపోకూడదని నా కూతుర్ని తోసేశాను. ఇంతకంటే మర్యాదగా చెప్పే మాట నాకు దొరకలేదు.

అది నువ్వు నా మొహంలో చూశావు. చూడకుండా ఎలా ఉంటావు, ఎదురుగా బల్లకి అవతలే కూర్చుంటివి. నా కళ్ళు ఒక్కసారి నీ మీద నుంచి తప్పుకున్నాయి, నాకు తెలుసు. నీ జవాబు సరైనదని నీకు తెలిసీ, స్లామ్‌లు నాకు చేతకావని నువ్వెందుకు రాశావా అని యెషయా మాటలు విన్న దగ్గర్నుంచి ఆలోచిస్తున్నాను. నీకు లెక్క రాక కాదు. పార్టనర్‌కి నిజం చెప్పి, వాళ్ళు మాట మీద నిలబడతారని నమ్మి, నోరు మూసుకుని కూర్చోవాలి ఆ ఆటలో. ఆ నమ్మకం నీకు పోయింది. పన్నెండేళ్ళ పిల్లగా నా ఎదుట కూర్చున్నప్పటి నుంచి ఉన్నదాన్ని ఒక్క మాటతో పోగొట్టింది నేను. దానికి డోరా ఏం చేసింది? ఆ అమ్మాయిని నేను చూడలేదు, కానీ ఇన్ని నెలలుగా నీతో ఆడి, నువ్వే కావాలని అడుగుతోందంటే నీ విలువ తెలిసినదే. ఆమెను నాతో పోల్చకు.

మీరేమంటారు అని అడిగావు. వెళ్ళమంటాను. పేర్లు పంపు. మొదట్లో స్లామ్ పాడటానికి భయమేస్తుంది. పాడు. పోతే పోయింది, ఇద్దరూ కలిసి పోగొట్టుకోండి. నన్ను మళ్ళీ పార్టనర్‌గా ఒప్పుకోమని అడగడం లేదు, ఆ అర్హత లేదు. ఎంపిక ఏ ఊళ్ళో అయితే ఆ ఊరు వచ్చి, మీ అమ్మ పక్కన కుర్చీ వేసుకుని, నోరెత్తకుండా చూస్తాను. ఒప్పుకుంటేనే.

ఇక్కడితో ముగించి మీ అమ్మ చేతికిచ్చాను. కిటికీ దగ్గర నిలబడి మొత్తం చదివింది. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ మొదటి పేజీకి వెళ్ళింది. నేను జిగురు సీసా తియ్యబోతే, "అంటించకండి. ఇన్ని పేజీలు రాశారు. తప్పు నాది, తప్పు నాది అని దండోరా వేశారు. క్షమించమని దాన్ని ఒక్కసారైనా అడిగారా?" అంది.

వెతికాను. నిజమే, ఎక్కడా లేదు. రాసేటప్పుడు రాశాననే అనుకున్నాను.

నన్ను క్షమించు అమ్మా.

ఇట్లు,
తెలిసి కూడా నిన్ను నిందించిన
మీ డాడీ,
ఆర్థర్