తొక్కు పోసిన గ్యాస్ గుంత

అమ్మా, నేను మంచిగనే ఉన్న, ఫికర్ చెయ్యకు.

నేను వండిపెట్టే గద్వాల హాస్టల్ పిల్లలకని నువ్వు పెట్టిచ్చిన మామిడికాయ తొక్కుల నేను తడి గంటె పెట్టిన. జాడి నిండ బూజు పట్టింది. వార్డెన్ మేడం చూస్తదని సిగ్గయింది. మిగిలిన అన్నం వేస్తే గ్యాస్ వచ్చే గుంత ఉంది గద, తీస్కపోయి అంత అండ్ల పోసిన. ఆ ఉప్పుకు, పులుపుకు గ్యాసే ఆగిపోయింది. పిల్లలందరికి కట్టెల పొయ్యి మీద వండుతున్న. మేడంకు నిజం చెప్పిన. "గ్యాస్ మల్ల రావాలంటే గుంతల కొత్త పేడ వెయ్యాలె" అని ఊకున్నది. తిట్టినా బాగుండు.

మన బర్రె ఈనిందా? ఇంకో జాడి తొక్కు పంపుతనన్నవు. వద్దే అమ్మా. మల్దకల్ బస్సుల రెండు సంచులు పేడ పంపు. నాయినకు నా వందనాలు చెప్పు, పేడ ఎందుకో మాత్రం చెప్పకు.

నీ బిడ్డ రెబెకా