మాట బయటపెట్టింది ఎవరు

కరీంనగర్,
ఆదివారం

ప్రియమైన బాపూ,

ఫోన్లో అయితే నా మాట పూర్తికాకముందే మీ గొంతు లేస్తుంది. అందుకే కాగితం పట్టుకున్నాను.

ఉద్యోగాలు ఇప్పించే ఆ ఓంప్రకాశ్ గురించి మీరు అన్నదాంట్లో తప్పేమీ లేదు. కోర్టు చౌరస్తా దగ్గర జిరాక్స్ షాపు మీద ఒక ఇరుకు గది, దానికి ఆఫీసని పేరు. వచ్చిన ప్రతి ఆడమనిషినీ ‘అక్కా’ అంటాడు. కంపెనీవాళ్లు ఫోన్ చేస్తే, అవతలివాళ్లకు కనబడుతున్నట్టు లేచి నిలబడి ‘సార్’ అంటాడు. సిరిసిల్లలో వాళ్లింట్లో ఇప్పటికీ మరమగ్గాలు ఆడుతున్నాయట. అలాంటివాడి ముందు మన ఇంటి పిల్ల బయోడేటా పట్టుకుని కూర్చోవడమేమిటని నాకూ లోపల మండుతూనే ఉంది.

ఎమ్మెస్సీ అయ్యాక ఇన్నేళ్లు ఏం చేశారని అడిగాడు. పోటీ పరీక్షలకు చదివానన్నాను. బయోడేటా పక్కన పెట్టేశాడు.

“గీ ముచ్చట నేను రోజు వింటనే ఉంట అక్కా. అసలు సంగతి చెప్పకున్నా మంచిదే. గని నా నోటితోని అబద్ధం చెప్పియ్యకుండ్రి. రేపు బయటపడితే నన్నెవలు నమ్ముతరు?”

నమ్మకమట! మనుషులను కంపెనీలకు అప్పజెప్పి బతికేవాడికి నమ్మకం! విసురుగా లేచి వచ్చేశాను. కానీ వేరే దారి లేక మళ్లీ వెళ్లాను బాపూ. మన ఇంట్లో ‘నీరసం’ అని చెప్పుకునే దాన్ని మొదటిసారి దాని పేరుతో పిలిచాను. ఫిట్స్ అని చెప్పాను. గోలీలు వేసుకుంటున్నాననీ, ఇప్పుడు రావడం లేదనీ చెప్పాను. మీకు కోపం వస్తుందని తెలుసు.

“నేనెవ్వలకు చెప్ప. పనిల చేరినంక మీరే ఒకలకు చెప్పుకోండ్రి. కింద పడితే సూసుకునేటోళ్లు ఉండాలె గద” అన్నాడు. ముఖంలో జాలి కూడా లేదు. అదొక్కటే నచ్చింది.

మంకమ్మతోటలో ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌కు పంపాడు. ల్యాబ్‌లోకి తీసుకున్నారు. గురువారం చేరమన్నారు. అవ్వకు చెప్పండి.

మీ బిడ్డ,
మధులిక


కరీంనగర్,
శుక్రవారం

బాపూ,

మీరే గెలిచారు. నిన్న తెల్లకోటు మడిచి సంచిలో పెట్టుకుని వెళ్తే మేనేజర్ గుమ్మంలోనే ఆపాడు. “మీ ఆరోగ్యం సంగతి మాకు తెలిసిందమ్మా, ఏమనుకోవద్దు” అన్నాడు. అక్కడున్న రోగులంతా నన్నే రోగిలా చూశారు.

తిన్నగా ఓంప్రకాశ్ ఆఫీసుకు వెళ్లాను. గది నిండా జనం. వాళ్ల ముందే అన్నాను: “మగ్గం దగ్గర పుట్టినోనికి మర్యాద ఎక్కడిది? పరువు గల ఇంటి మాట నీ కడుపుల ఎట్ల ఆగుతది?” ఇంకా చాలా అన్నాను. “నేను చెప్పలే అక్కా” అన్నాడు, అంతే. తప్పు చేసినవాడు కాబట్టే తల వంచుకున్నాడనుకున్నాను. దిగి వస్తుంటే బరువు దింపుకున్నట్టుంది.

వచ్చేవారం ఇంటికి వచ్చేస్తాను.

మీ మధులిక


ఆదిలాబాద్,
బుధవారం

సంతోష్‌రావు గారికి,

ఇంటికి రాలేదేమని ఎదురుచూస్తూ ఉంటారు. చెబుతాను.

మా హాస్టల్లో పక్క మంచం పిల్ల ప్రవళిక ఆ డయాగ్నస్టిక్ సెంటర్లోనే రిసెప్షన్‌లో కూర్చుంటుంది. నేను సామాను సర్దుకుంటూ ఓంప్రకాశ్‌ను తిడుతుంటే ఆపింది. “గాయన్నెందుకు తిడుతవ్ అక్కా? ఫోన్ చేసింది మీ బాపు. ధర్మపురి నుంచి సంతోష్‌రావును మాట్లాడుతున్న, మేనేజర్‌కియ్యి అన్నడు. నేనే కలిపిన. పిల్లకు ఫిట్స్ వస్తయి, పనిల పెట్టుకోవద్దని చెప్పిండట. మేనేజర్ సార్ గప్పుడే బయటికొచ్చి మాకు చెప్పిండు.”

నేను నమ్మలేదు. అవ్వకు ఫోన్ చేశాను. కన్నతల్లి కదా, ఏడ్చింది. “ఏంజెయ్యాలె బిడ్డా? హుజూరాబాద్ సంబంధం కుదిరేటట్టున్నది. నువ్వు అందరికి చెప్పుకుంట తిరిగితే పోతదని బాపు పరేషాన్ అయిండు. కొలువు పోతే నువ్వే ఇంటికొస్తవన్నడు. పెండ్లయినంక వాళ్లకు మెల్లగ చెప్దామన్నడు” అంది.

ఎంత తెలివి! రోగాన్ని దాచడానికి మీరే దాన్ని ఊరికి చాటారు. పరువు గల ఇంటి మాట ఎవరి కడుపులో ఆగలేదో ఇప్పుడు తెలిసింది. ఆ మగ్గాల ఇంటి మనిషి నోరు కట్టుకుని తిట్లు పడ్డాడు.

సాయంత్రం వెళ్లి క్షమించమన్నాను. గదిలో అతనొక్కడే ఉన్నాడు. నన్ను కూర్చోమనలేదు.

“గంతమంది ముంగట తిట్టిండ్రు. ఎవ్వలు లేనప్పుడు వచ్చి మాఫీ అడుగుతున్నరు” అన్నాడు.

మర్నాడు జనం ఉన్నప్పుడు వెళ్లాను. మాట బయటపెట్టింది మా బాపు అనీ, ఈయన్ను అన్న మాటలన్నీ తప్పనీ అందరికీ వినబడేలా చెప్పాను. అతను నా ముందుకు కుర్చీ జరిపాడు.

“ఆదిలాబాద్‌ల పత్తి విత్తనాలు పరీక్షించే ల్యాబ్ ఉన్నది. మీ మాట మీరే చెప్పుకుంటరా?”

“చెప్పుకుంటా.”

“అయితే పోతనంటే ఇప్పుడే ఫోన్ కొడుత” అన్నాడు. మళ్లీ లేచి నిలబడే మాట్లాడాడు. ఈసారి నాకు నవ్వు రాలేదు.

ఇక్కడి యజమాని లీలాబాయి. కూర్చోగానే ఫిట్స్ సంగతి చెప్పేశాను. ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసింది. “గోలీలు టైముకు ఏసుకుంటవా? మరి నడుస్తది. ల్యాబ్‌ల ఒక్కదానివి ఉండకు” అంది. సోమవారం చేరాను.

ఇంకొకటి. హుజూరాబాద్ వాళ్ల నంబరు అవ్వ దగ్గర తీసుకుని అబ్బాయి తల్లితో నేనే మాట్లాడాను. ఏమీ దాచలేదు. ఆవిడ, చెప్పి మంచిపని చేశావమ్మా అని ఫోన్ పెట్టేసింది.

ఆదివారం పెళ్లిచూపులకు వాళ్లు రారు. చుట్టాలను పిలిచి ఉంటే, ఎందుకు రాలేదో మీరే చెప్పుకోండి. ఫోన్ చేసి ఇంటి సంగతులు చెప్పడం మీకు కొత్తేమీ కాదు.

మధులిక