ఎర్ర మందారానికి వెన్నెల పేరు

బాపట్లలోని మొక్కల రకాల నమోదు అధికారి గారి సముఖమునకు, రేపల్లెలో నర్సరీ నడుపుకొను సింగరయ్య విన్నవించుకొనునది.

అయ్యా,

విషయం: నేను తయారుచేసిన పొట్టి మందార రకమునకు 'వెన్నెల' అను పేరును తిరస్కరించిన ఉత్తర్వును మరల పరిశీలించుట గురించి.

1. సదరు మొక్క మోకాలి ఎత్తు మించదు. చిన్న కుండీలో గుబురుగా పెరిగి ముదురు ఎరుపు పువ్వులు పూయును. ఇందుపై తమకు అభ్యంతరము లేదు. పేరు తెలుపును సూచించుచున్నదనియు, కొనువారు మోసపోవుదురనియు మాత్రమే తిరస్కరించినారు.

2. వెన్నెల మా అమ్మాయి. కండరాల జబ్బుతో కిటికీ పక్క మంచానికే పరిమితమైనది. పెరట్లో మందారం ప్రహరీ దాటి పూసేది. "అంత ఎత్తున పూస్తే నాకేం కనపడిద్ది నాన్నా? కిటికీలో పట్టే చెట్టు చెయ్యి" అన్నది. పొట్టి మొక్కలను ఏరి, ఒకదాని పుప్పొడి మరొకదానికి అద్ది, గింజలు మొలకెత్తించితిని. పుప్పొడి అద్దే కుంచె చాలాసార్లు ఆమె చేతిలోనే ఉండేది. ఎత్తు పెరిగిన వాటిని తీసివేసి మరల మొదలుపెట్టేవాళ్లం.

3. చివరకు కోరిన మొక్క మొగ్గ తొడిగినది. ఆ వారమే అమ్మాయికి ఊపిరి అందక తెనాలి ఆసుపత్రికి తీసుకువెళ్లితిమి. నేనూ, నా భార్య శేషారత్నమూ మాత్రమే తిరిగివచ్చితిమి. అప్పటికి పువ్వు విచ్చి, వాడి, కిటికీ గట్టు మీద రాలి ఉన్నది. మందారం ఉండేది ఒక్కరోజే గదా సార్. ఆ మొదటి పువ్వును మాలో ఎవరమూ చూడలేదు.

4. బాపట్ల వచ్చి తమ గుమాస్తా లక్ష్మీనారాయణ గారిని కలిసితిని. "ఎర్ర పువ్వుకి వెన్నెలేంటండి? అరుణ అని పెట్టుకోండి, బాగుంటది" అన్నారు. మర్యాదగానే అన్నారు. "అరుణ ఎవరండి?" అని అడిగితిని. ఆయన కూర్చోమని కుర్చీ చూపించినారు.

కావున పేరు కింద 'ఎర్ర పువ్వు' అని ఎంత పెద్ద అక్షరాలతో వేయమన్నా వేసెదను. పేరు మాత్రం ఉండనీయవలెనని నా వేడుకోలు. దయతో చిత్తగించవలెను.

తమ విధేయుడు,
సింగరయ్య

తా.క.: సార్, ఇది కవరులో పెడుతుండగా ఎదురింటి జ్ఞానమ్మ గారు గుమ్మంలోకి వచ్చింది. ఆ మధ్య మా దగ్గర కొమ్మ తీసుకెళ్లి నాటుకుంది. "వదినా, మీ వెన్నెల మా ఇంట్లో పూసింది, రా చూద్దువుగాని" అంది. అమ్మాయి పోయాక గడప దాటని నా భార్య, బియ్యం చాట పక్కన పెట్టి వెళ్లింది. ఇంకా రాలేదండి. తమరు ఏ పేరు నమోదు చేసినా, మా వీధిలో వెన్నెల అని పిలవొద్దని నేను ఎవరికీ చెప్పలేను.