నాలుగు గుమ్మాల ముందు ఒట్టు

ఫిబ్రవరి 3, బుధవారం
మహిళా మండలి వాళ్లు హైదరాబాద్ ట్రిప్పుకు పేర్లు రాసుకుంటున్నారు. సికింద్రాబాదులో రైలు దిగగానే బస్సు, గైడు. ఒక్క పూటలో చర్చి, గురుద్వారా, కొండ మీది పాలరాతి గుడి, నాంపల్లి దర్గా. నా పేరు రాయించాను. దాని కింద మా పెద్ద యారాలు, బావగారి భార్య సుగుణక్క పేరు. పక్కపక్క సీట్లు.
"నన్నెందుకు యాది చేసినవే?" అన్నది. అనదా మరి... పదమూడేళ్లలో ఎక్కడికీ రమ్మనలేదు.
"పుణ్యమొస్తది, రా అక్కా" అన్నాను.

ఫిబ్రవరి 5, శుక్రవారం
తమ్ముడు నర్సయ్య కేసముద్రం నుంచి వచ్చాడు. వెనక నుంచి పిలిస్తే పలకలేదు. ఎడమ చెవి అరవై తొమ్మిదిలోనే పోలీసు దెబ్బలకు పోయింది.
తెలంగాణ ఉద్యమం రోజులు. మా పత్తి అర్రలో మూడు రోజులు దాచాను. నాలుగో రోజు తెల్లవారగానే పోలీసులు నేరుగా ఆ తలుపు దగ్గరికే వచ్చారు. ఇల్లు వెతకలేదు. టీచరు కావలసినవాడు ఇప్పుడు మార్కెట్ యార్డులో బస్తాలు మోస్తున్నాడు.
నేను అర్రకు అన్నం పట్టుకుపోతుంటే చూసింది సుగుణక్క. పోలీసులు వచ్చిన రోజు చీకటితోనే నర్మెట్టకు, తల్లిగారింటికి పోయింది. ఇంకేం సాక్ష్యం కావాలి?
ఆమె బిడ్డ పెళ్లిలో ఒక్క పని ముట్టలేదు. ఆమె చేతి నీళ్లు తాగలేదు. చాలలేదు.

ఫిబ్రవరి 8, సోమవారం
ఒట్టుకు పద్ధతి ఉంది. తలకు పోసుకోవాలి. పరగడుపున ఉండాలి. కాళ్లకు చెప్పులు ఉండొద్దు. ఎదురుగా మనిషి ఉండాలి.
ఒక్క దేవుడైతే అబద్ధమాడి, తర్వాత కొబ్బరికాయ కొట్టి మాఫీ చేయించుకుంటుంది. నాలుగు గుమ్మాలైతే... ఎన్నిచోట్ల కొడుతుంది?
పులిహోర డబ్బా నా దగ్గరే పెట్టుకుంటాను. దర్గా అయ్యేదాకా మూత తీయను.

ఫిబ్రవరి 11, గురువారం. తిరుగు రైల్లో
గైడు నడివయసు మనిషి. బెజవాడ వైపు మాట. "ఇక్కడ పదిహేను నిమిషాలేనండి" అన్నాడు మైకులో.
"గంత దూరమొచ్చి గింతసేపేనా అన్నా?" అని వెనక నుంచి ఎవరో.
"మీ మాట భలే ఉంటుందమ్మా, సినిమాల్లో లాగా."
సుగుణక్కే అందుకుంది. "సినిమ మాట గాదన్నా, మా ఇంట్ల మాట. జర మైకు దించు, చెవులు పోతున్నయ్." అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. చెవుల మాట ఈమె నోట!
చర్చిలో కొవ్వొత్తుల ముందు అడిగాను. నా తమ్ముణ్ని పట్టియ్యలేదని ఒట్టెయ్యి.
నన్నే చూసింది. "పదమూడేండ్లు గిదా నీ కడుపుల?" చేయి చాపింది. "పోలీసోళ్లకు నేను చెప్పలే."
గురుద్వారాలో తల మీద కొంగు, అరచేతిలో వెచ్చని ప్రసాదం. మళ్లీ అదే మాట. తడబడలేదు. నా ప్రసాదం కొంగున కట్టుకున్నాను.
గుడి మెట్ల మీద ఆయాసపడింది. "ఇంకెందరున్నరే దేవుళ్లు?" మూడోసారీ చెప్పింది. కళ్లు వాల్చకుండా. నాకు మంట పెరిగింది. ఇంత సులువుగా ఎట్లా వస్తోంది?
దర్గాలో ఆడవాళ్లం సమాధి గది జాలీ కిటికీ దగ్గర ఆగాం. గుడిలో మాట తప్పితే మొక్కు చెల్లించుకోవచ్చు గాని, పీరు దగ్గర తప్పితే ఇల్లు నిలవదని మా వైపు భయం. అక్కడ ప్రశ్న మార్చాను.
"చెప్పలే అనుడు గాదు. నాకేం తెల్వదని ఒట్టెయ్యి. జాలీ పట్టుకో."
చేయి లేచింది. ఆగింది. వెనక్కి తీసుకుంది.
"గదొక్కటి అడగకు."
"ఎవరక్కా?"
"నౌకరి పోతదని భయపడ్డడే... నన్ను చీకట్లనే నర్మెట్టకు తోలిచ్చింది గూడ తనే, ఇంట్ల ఉంటే నీకు చెప్తనని."
"టైమయిందమ్మా, చార్మినార్ బస్సులోంచే చూపిస్తా" అంటున్నాడు గైడు.
అప్పుడు అందరం ఒక్కింట్లోనే. బావగారిది వ్యవసాయం. మామ అప్పటికే లేడు. మా ఇంట్లో నౌకరి చేసేది ఒక్కరే.
చార్మినార్ ఏ వైపు వచ్చిందో చూడలేదు. పులిహోర డబ్బా సుగుణక్కే విప్పింది. నీళ్ల చెంబు అందించింది. తాగాను.

ఫిబ్రవరి 12, శుక్రవారం
"అందరు దేవుళ్లను చూసొచ్చినవ్. నాకేం మొక్కినవ్?" అన్నాడు మా ఆయన.
చారు పోశాను. బాగున్నదన్నాడు.
ఈ డైరీ ఆయన ఆఫీసు నుంచి తెచ్చిందే. ఏటా తెస్తాడు. పదమూడు డైరీల్లో సుగుణక్కను తిట్టాను.

ఫిబ్రవరి 14, ఆదివారం
ఆమె ఇంటికి పోయాను. ఇన్నేళ్లు ఎందుకు చెప్పలేదని అడిగాను.
చేట ఆపలేదు. "నన్ను తిట్టుకుంట బతికినవ్. మొగణ్ని తిట్టుకుంట ఒక్కింట్ల ఎట్ల బతుకుతుంటివే?"
ఆమె చెరిగిన బియ్యంలో రాళ్లు ఏరి వచ్చాను.

ఫిబ్రవరి 16, మంగళవారం
"గురువారం అన్నారం దర్గాకు పోదాం."
"ఆఫీసున్నది."
"సెలవు పెట్టుండ్రి."
ముఖంలోకి చూశాడు. ఎందుకని అడగలేదు... అడగలేదు!

ఫిబ్రవరి 18, గురువారం
నీళ్లు కాచాను. తలకు పోసుకున్నాడు. టీ ఇవ్వలేదు, తనూ అడగలేదు. ఉతికిన చొక్కా గుండీలు ఇంకా పెట్టుకుంటున్నాడు, రెండుసార్లు తప్పు పెట్టి విప్పాడు.
నర్సయ్యకు నిన్ననే కబురు చేశాను. దర్గా దగ్గర ఉంటాడు. ఈయనకు ఎడమ పక్కన నిలబడమన్నాను. వినిపించే చెవి ఆయన వైపు ఉంటుంది.