అయిదో రౌండు తర్వాత

జూన్ 14, మంగళవారం
ఆఫీసులో, భోజనాల వేళ

చిరంజీవి అమ్మడికి,

మీ మామయ్య దీవెనలు. ఇక్కడ నేనూ మీ అత్తా బాగానే ఉన్నాం. అక్కడ నువ్వు బాగా లేవని తెలుసు కనుక, ఎలా ఉన్నావని అడిగే లాంఛనం ఎగ్గొడుతున్నాను. ఫోను ఆపేశావు, గదికి గడియ పెట్టుకున్నావు. కాగితం దూరడానికి తలుపు కింద సందు చాలు. మీ అమ్మ చేత తోయిస్తున్నాను.

నిన్న సాయంత్రం మీ అమ్మ మా ఇంటికొచ్చింది. కాఫీ ఇస్తే చల్లారిపోయేదాకా గ్లాసు పట్టుకునే కూర్చుంది. పదకొండు రోజులుగా నువ్వు తల దువ్వుకోవడం లేదట. పుస్తకాలన్నీ అట్టపెట్టెలో కుక్కి మెట్ల కింద పడేశావట. ఎల్లుండి గురువారం ఇంకో కంపెనీ వాళ్ళు ఇంటర్వ్యూకి పిలిచారు కదే అంటే, నిజం చెప్పి చెడిపోయానమ్మా, ఇంక ఎవరి ముందూ నోరు విప్పలేను, నేను వెళ్ళను అన్నావట. ఆ మాట చెబుతూ మా చెల్లి ఏడ్చింది. దాన్ని ఏడిపించే హక్కు చిన్నప్పటి నుంచీ నా ఒక్కడిదే అనుకునేవాణ్ణి. నువ్వూ వాటాకొచ్చావు.

నేను ఎనిమిదో తరగతి రెండుసార్లు చదివినవాణ్ణి. మీ భాషలో రెండు రౌండ్లన్నమాట. అయినా ఆ కంపెనీలో నీ ఇంటర్వ్యూ అయిదు రౌండ్లూ నాకు కంఠతా వచ్చు. మొదటిది కంప్యూటరే పెట్టిన పరీక్ష; తల తిప్పితే కెమెరా కాపీ అంటుందేమోనని తొంభై నిమిషాలు బిగుసుకుని కూర్చుంటే నీ మెడ పట్టేసింది. రెండోది ఫోనులో. మూడోదాంట్లో ఒకామె నీ చేత బోర్డు మీద గడులు గీయించి, గీసిన ప్రతి గడికీ ఇది కూలిపోతే ఏం చేస్తావని అడిగింది. సెలవు పెడతానని చెప్పకపోయావా అంటే నువ్వు నా మీద దిండు విసిరావు. నాలుగో రౌండు మేనేజరు మూడుసార్లు వాయిదా వేసి, చివరికి పద్దెనిమిది నిమిషాలు మాట్లాడాడు, అందులో ఆరు నిమిషాలు తన మైకు ఆపుకుని. ఇలా ఆరు వారాలు. ఫోను ఎక్కడ మోగుతుందోనని స్నానానికి వెళ్ళడానికి కూడా జంకేదానివి.

అయిదోదే ప్రాణం తీసింది. ఉద్యోగంలో నువ్వు చేసిన తప్పొకటి చెప్పమన్నాడు ఆ పెద్దాయన. నేను అటెండరుగా ఉన్న ఈ ఆఫీసులోనే నువ్వు మూడేళ్ళు పనిచేశావు కదా, వాళ్ళు మీ విభాగం మూసేసేదాకా. అప్పటి సంగతి చెప్పావు. ఆసుపత్రి అపాయింట్‌మెంట్ల ప్రోగ్రాములో తప్పులు పట్టాల్సిన నువ్వు, ఇంటికెళ్ళే తొందరలో ఒక పరీక్ష వదిలేశావు. నలభై మందికి తప్పుడు తేదీలు వెళ్ళాయి. ఒక ముసలాయన రోజంతా బెంచీ మీద కూర్చుని వెళ్ళిపోయాడు. మర్నాడు ఆయన ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళి క్షమాపణ చెప్పొచ్చావు. ఇదంతా దాచకుండా చెప్పావు. వారం తర్వాత రెండు లైన్ల మెయిలు వచ్చింది, మరొకరిని ఎంచుకున్నామని. అంతే, నా నోటితో నేనే పోగొట్టుకున్నానని తేల్చేసుకున్నావు.

అది కాదమ్మా. ఈ పొద్దున నేనే ఆ కంపెనీకి వెళ్ళాను. గాజు తలుపు నన్ను చూసి తెరుచుకోలేదు. దానికి ఎదురుగా నిలబడి చేతులు ఊపుతుంటే గార్డు వచ్చి, ఆగండి సార్, అది కార్డుకి తప్ప మనిషికి తెరుచుకోదు అన్నాడు. ఉద్యోగాలు చూసే ఆవిడ కిందికి దిగొచ్చింది. నీ నాలుగో రౌండుకి ముందే ఆ కుర్చీ లోపలి మనిషికి ఖాయమైపోయిందట. తర్వాతవన్నీ కాగితాల కోసం నడిపిన తంతు. నువ్వేం చెప్పినా అదే మెయిలు వచ్చేది. కనుక లే. తల దువ్వుకో. గురువారం వెళ్ళు.

ఇట్లు,
మీ అమ్మకి అన్న, నీకు మామయ్య

తా.క. కాగితం మడిచి మళ్ళీ విప్పాను. ఆవిడ చెప్పిందని పైన రాసింది అబద్ధం. వెళ్ళిన మాట మాత్రం నిజం.

పక్క వీధి జెరాక్సు కొట్టువాడు నన్ను ఆటపట్టించడానికి నెలకోసారి గొంతు మార్చి నా బల్ల మీది ఆఫీసు ఫోనుకి చేస్తాడు. ఒకసారి పన్నుల అధికారినంటాడు, ఒకసారి మంత్రిగారి పీయేనంటాడు. నేను వాణ్ణి మించిన కోతలు కోస్తాను. పదమూడు రోజుల క్రితం ఎవరో మర్యాదగా నీ పేరు చెప్పి, ఈ అమ్మాయి మీ దగ్గర ఎలా పనిచేసేదండీ అని అడిగాడు. వాడే అనుకున్నాను. అయ్యో, ఆ మహాతల్లా, రెండు కంప్యూటర్లు అమ్ముకు తింది, మూడోది మొయ్యలేక వదిలేసింది, మేనేజరుగారి విగ్గు ఇంకా దొరకలేదు అన్నాను. థాంక్సండీ అని పెట్టేశాడు. నవ్వాపుకోలేక పెట్టేశాడనుకున్నాను. మొన్న ఆ జెరాక్సువాణ్ణి దెప్పితే, నేను చెయ్యలేదురా బాబూ, నెల్లాళ్ళ బట్టీ నా గొంతే పెగలడం లేదు అన్నాడు. అయితే ఆ ఫోను నీ కంపెనీ వాళ్ళదేనా అని తేల్చుకోవడానికే ఈ పొద్దున వెళ్ళాను.

పాత ఆఫీసు మనిషినని చెబితే ఆవిడ నీ ఫైలు తెచ్చింది. నీతో మాట్లాడిన నలుగురూ నిన్ను తీసుకోమనే రాశారు. ఆ పెద్దాయన అయితే ముసలాయన సంగతి రాసి, దాని కింద, ఈ అమ్మాయిని నమ్మవచ్చు అని రాశాడు. తర్వాతి పేజీలో నా మాటలున్నాయి. ఆవిడ ఒక్కొక్కటే చదివింది. విగ్గు దగ్గర కూడా ఆవిడ గొంతు మారలేదు. ఈ మాటలన్నవాణ్ణి నేనే, అన్నీ వేళాకోళానికి అన్నవే, ఆ పిల్ల నా మేనకోడలు అన్నాను. ఆవిడ తిట్టలేదు. రాసివ్వండి, ఫైలులో పెడతాం, ఆ ఉద్యోగంలో మాత్రం శుక్రవారమే ఒకరు చేరిపోయారు అంది. రాసిచ్చాను.

నీ నిజం నిన్ను గెలిపించిందే అమ్మడూ. ఓడించింది నేను. మీ అమ్మకి ఇంకా తెలియదు. చెప్పడమా మానడమా నీ ఇష్టం.

గురువారం వాళ్ళు పాత ఆఫీసు నంబరు అడిగితే భయపడకుండా ఇవ్వు. ఇందాకే మేనేజరుగారి గదిలోకి వెళ్ళి, కారణంతో సహా చెప్పి, నా బల్ల మీది ఫోను ఆయన బల్ల మీదికి మార్పించాను. ఇంక అది మోగితే నాకు వినపడుతుంది, అంతే. చెయ్యి అందదు.