ఎనక సీటు

శ్రీపాల్ అన్నకు,

నమస్తే. మొన్న ఆదివారం చెల్పూర్ దిక్కు మైదానంల మీరు పెట్టిన కార్ల పోటీకి రఘునాథపల్లి నుంచి తెల్ల ఆల్టో తెచ్చింది నేనే. కోన్ల నడుమ ఒక్కొక్క బండిని ఉరికిచ్చి టైం చూస్తరని విని, మొదటిసారి వచ్చిన. ఫోన్ల చెప్తందుకు నోరు రాలే, అందుకే రాస్తున్న.

చెకింగ్ల ఎనక సీటు లేదని చూసి, బరువు తగ్గించిన బండి అన్నరు. కొత్తోళ్ల క్లాసుల కాకుండ, ఇంజన్లు మార్చిన బండ్ల క్లాసుల రాసిండ్రు. గా క్లాసుల అందరికన్న ఎనక వచ్చింది నేనే. రూల్ గట్ల ఉంటే మీరేం చేస్తరు? కానీ అన్నా, నేను సీటు తీసింది రేసుకు కాదు, పత్తి బస్తాలు ఏసుకపోతందుకు.

వచ్చేసారి సీటు బిగించుకొని వస్తే కొత్తోళ్లల్ల రాస్తమన్నరు. తెద్దామనే ఇంటికి పోయిన. మా బాపమ్మ సత్తెమ్మకు యాది తప్పినకాంచి, అర్రల ఆ సీటు మీదనే కూసుంటది. కారుల తల్లిగారింటికి పోతున్న అనుకుంటది. కుర్చీ తెచ్చి ఏస్తే కూసోలే. పాత సామాన్ల దుకాండ్లల్ల గసొంటి సీటు ఇంకోటి దొరకలే.

జర లెవ్వమని చెయ్యి పట్టుకున్న.

"ఊరొచ్చిందా బిడ్డా?" అని సంబురంగ లేవబోయింది.

"ఇంకా రాలే బాపమ్మా" అని మళ్ల కూసోపెట్టిన.

వచ్చే పోటీల గూడ నన్ను గా ఇంజన్లు మార్చిన బండ్ల నడుమనే రాసుకోండ్రి అన్నా.

ఇగ ఉంట,
తెల్ల ఆల్టో తమ్ముడు