రోగుల పట్టికలో నా పేరు

అక్టోబరు 5, ఆదివారం

పొద్దున చర్చిలో పూజకి ముందు, గుడి వీధి ఊడ్చే ఆవిడని తెల్లకారు గుద్దింది. ఆగలేదు. నడుపుతున్నది మా సహోదర సంఘం అధ్యక్షుడు, డాక్టరు. కారు ఆయనది కాదు, నేనెప్పుడూ చూడలేదు. నంబరు మాత్రం చూశాను. నలభై ఏళ్ళు ప్రూఫులు దిద్దిన కళ్ళు. ఆ నాలుగంకెలు ఇక్కడ రాయను. చెల్లెలు ఈ డైరీ చదువుతుంది.

గేటు దగ్గర నా పక్కన కొవ్వొత్తి ఉన్నాడు. పీఠం మీద దీపాలు వెలిగించే మనిషి, అందుకే ఆ పేరు. చూశావా అన్నాను. బూటు లేసు కట్టుకుంటున్నానండీ అన్నాడు. వాడు వేసుకునేవి చెప్పులు.

అక్టోబరు 6, సోమవారం

ఆవిడ పోయింది. చూసినవాళ్ళుంటే వచ్చి చెప్పమని పోలీసులు గోడకి కాగితం అంటించారు.

సహోదరుడు తప్పు చేస్తే ముందు ఒంటరిగా చెప్పాలని మా సంఘం నియమం. బుద్ధి గడ్డి తిని ఆ నియమం పాటించాను. మీరే వెళ్ళి ఒప్పుకోండి, వచ్చే సోమవారం దాకా చూస్తాను, తర్వాత నేనే వెళ్తాను అన్నాను. డాక్టరు నా మణికట్టు పట్టుకుని నాడి చూశాడు. నిద్ర పడుతోందా బ్రదర్ అన్నాడు.

నంబరు ఆయనకీ చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు.

అక్టోబరు 8, బుధవారం

సంఘం హాల్లో నోటీసు బోర్డు మీద రోగుల పట్టిక. పైన నా పేరు. జబ్బు: మతిమరుపు.

సాయంత్రం 4

మంచాన పడ్డ సహోదరుడి దగ్గర ఇద్దరేసి వంతులు వేసుకుని కూర్చోవడం మా ఆచారం. కొవ్వొత్తీ, హాలు తాళాలు చూసే ఆయనా వచ్చారు. నేను నిక్షేపంగా ఉన్నానన్నాను. మతి తప్పినవాళ్ళు మొదట అనేది అదేనండీ పెద్దాయనా, పడుకోండి అన్నాడు తాళాలాయన. చెల్లెలు దుప్పటి తెచ్చింది.

అక్టోబరు 9, గురువారం

గుమ్మంలో కుర్చీలు వేసుకున్నారు. నా చెప్పులు కనబడటం లేదు.

జపమాల చెప్పారు. నేను పెదవి కదపకుండా పూసకోసారి నంబరు చెప్పుకున్నాను. వాళ్ళవి మరియమ్మకి యాభై మంగళవార్త జపాలు. నావి యాభై నంబర్లు.

అక్టోబరు 10, శుక్రవారం

పదకొండేళ్ళ కిందట అధ్యక్ష పదవికి ఈ డాక్టరు నన్ను ఒక్క ఓటుతో ఓడించాడు. ఆ పగకి ఉతికిన చొక్కా తొడిగి మనస్సాక్షి అంటున్నానా? అయితే అయింది. పోయిన మనిషికి కావలసింది సాక్షి, సాధువు కాదు.

అక్టోబరు 11, శనివారం

అన్నయ్యా, నిన్న రాత్రి ఏం తిన్నావో చెప్పు అంది చెల్లెలు. గుర్తు రాలేదు. తాళాలాయన దాని వంక చూసి తలూపాడు.

అప్పట్నుంచి చివరి అంకె మీద అనుమానం.

అక్టోబరు 12, ఆదివారం

ఫాదర్‌గారు రోగులకి పూసే పవిత్ర నూనె తెచ్చారు. ఫాదర్, నేను చావడం లేదు అన్నాను. నూనె చావుకే కాదు నాయనా, ధైర్యానికి కూడా అన్నారు. పాపం, ఆయనకేం తెలుసు. నుదుటి మీద శిలువ వేశారు. డాక్టరు పక్కనే నిలబడి ఆమెన్ అన్నాడు.

అక్టోబరు 13, సోమవారం. ఉదయం 10. పోలీస్ స్టేషన్ బెంచీ

వట్టికాళ్ళతో వచ్చాను. ఇద్దరూ వెంటే వచ్చారు. తాళాలాయన లోపలికెళ్ళి, పెద్దాయనకి మతి స్థిమితం లేదని చెబుతున్నాడు. కొవ్వొత్తి నా పక్కన కూర్చుని జపమాల తిప్పుతూ గొణుగుతున్నాడు. చెవి ఒగ్గాను.

మంగళవార్త కాదు. నాలుగంకెలు. చివరిది నేననుకున్నదే.